రెండక్షరాల ‘సరే’: దూరాన ఉన్న ఉద్యోగి మనసు తెలిసేదెలా

తెలుగులో ‘సరే’ అన్న మాటకు నిఘంటువులో దొరికే అర్థం ఒకటే గాని, నోటితో పలికేటప్పుడు అరడజను అర్థాలు. చప్పున తెగ్గొట్టి ‘సరే’ అంటే ఒప్పుకోలు. సాగదీసి ‘సరే...’ అంటే అయిష్టం. ‘సరే సరే’ అని రెండుసార్లంటే ఇక ఆపమని. ‘సరేలెండి’ అంటే మీ ఇష్టం, తర్వాత నన్ననకండి అని. ‘సరేనండీ’లో వినయముంది, చివర గొంతు కాస్త కిందికి జారితే అలసట కూడా ఉంది. పక్క కుర్చీలో మనిషి ఉన్నప్పుడు ఈ తేడాలు ఎవరూ నేర్పకుండానే తెలిసిపోతాయి. అదే మాట చాట్ పెట్టెలో ‘ఓకే’ అయి వచ్చేసరికి రాగం పోతుంది, ముఖం పోతుంది, రెండక్షరాలు మిగులుతాయి. రాత్రి ఎనిమిదింటికి అదనపు పని అప్పజెప్పిన టీమ్ లీడ్‌కు అవతలి నుంచి వచ్చిన ‘ఓకే’ ఆ అరడజనులో ఏదో తెర చూసి చెప్పడం సాధ్యం కాదు. అయినా ఏదో ఒక అర్థం తీసుకుంటారు. ఎక్కువసార్లు తమకు అనువైనదే తీసుకుంటారు.

రాతలో స్వరం ఎంత పోతుందో కొలిచి చూసినవాళ్లున్నారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు జస్టిన్ క్రుగర్, నికోలస్ ఎప్లీ సహచరులతో కలిసి చేసిన ప్రయోగాలు 2005లో అచ్చయ్యాయి. విద్యార్థుల చేత కొన్ని వాక్యాలను మనస్ఫూర్తిగానో, వెటకారంగానో పంపించారు. కొందరు ఈమెయిల్లో పంపారు, కొందరు గొంతుతో చెప్పారు. ఏ దారిలో పంపినా అవతలివాళ్లు నూటికి 78 సార్లు తమ ఉద్దేశం పట్టుకుంటారని పంపినవాళ్ల అంచనా. గొంతు విన్నవాళ్లు దాదాపు ఆ అంచనాను నిలబెట్టారు. ఈమెయిల్ చదివినవాళ్లు సరిగ్గా పట్టుకున్నది 56 శాతమే. నాణెం ఎగరేసి చెప్పినా 50 వస్తుంది. ఇంతకన్నా ఆలోచించవలసిన సంగతి, చదివినవాళ్లకు తాము సరిగ్గానే గ్రహించామన్న ధీమా ఏమాత్రం తగ్గకపోవడం. రాసేవాడికి తన తలలో మోగే స్వరం అక్షరాల్లోనూ మోగుతున్నట్టే ఉంటుంది. చదివేవాడికి తన తలలో మోగేదే రాసినవాడి స్వరమనిపిస్తుంది.

దూరం నుంచి పనిచేసే ఉద్యోగులను సహానుభూతితో నడిపించాలన్న సలహా ఇప్పుడు మేనేజర్ల శిక్షణ తరగతుల్లో తరచుగా వినిపిస్తోంది. మంచి సలహాయే. కాకపోతే దాన్ని మెత్తని మాటగా, పుట్టినరోజు సందేశంగా, శుక్రవారం సాయంత్రపు ఆన్‌లైన్ ఆటగా అర్థం చేసుకునేవాళ్లు ఎక్కువ. తెలుగులో సానుభూతి, సహానుభూతి అనే మాటలు చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. మొదటిది ఒడ్డున నిలబడి అయ్యో అనడం. రెండోది నీళ్లలో ఉన్న మనిషికి ఒడ్డు ఎంత దూరంగా కనిపిస్తోందో తెలుసుకోవడం. భావోద్వేగ ప్రజ్ఞ, అంటే తన భావాలనూ ఎదుటివారి భావాలనూ గుర్తించి మెలిగే నేర్పు, అనే భావనను 1990లో పీటర్ సాలవే, జాన్ మేయర్ సిద్ధాంతంగా ముందుకు తెచ్చారు. 1995లో డేనియల్ గోల్‌మన్ రాసిన పుస్తకంతో అది ఆఫీసుల్లోకి వచ్చింది. ఆ సిద్ధాంతంలో మొదటి మెట్టు ఎదుటివారి భావాన్ని ముఖంలో, గొంతులో, ఒంటి కదలికలో గుర్తించడం. దూరం తీసేసేది సరిగ్గా ఆ మెట్టునే. ఎదురుగా ఉన్న బృందాన్ని చక్కగా నడిపిన మనిషి, మంచి మనసున్న మనిషి కూడా, దూరపు బృందం దగ్గర తడబడటంలో ఆశ్చర్యం లేదు. అక్కడ సున్నితమైన మనసు ఒక్కటే చాలదు. తనకు తెలియనిది తెలియదని ఒప్పుకుని, అడిగి తెలుసుకునే అలవాటు కావాలి. ఆ అలవాటు పనివేళల్లో, పని పంపకంలో, రేటింగుల్లో కనిపించాలి.

మౌనానికి ఎన్ని కారణాలు

వేర్వేరు దేశాల విద్యార్థులతో ఏర్పాటైన, ఒకరినొకరు చూడకుండా పనిచేసిన బృందాలను కేథరిన్ క్రామ్టన్ అనే పరిశోధకురాలు పరిశీలించి 2001లో ఒక వ్యాసం ప్రచురించారు. బృందాల మధ్య తగవులు ఎక్కడ మొదలయ్యాయో వెతికితే పదేపదే ఆమెకు ఎదురైనది మౌనం. జవాబు రాని సందేశం. ఆ మౌనానికి ‘నాకు సమ్మతమే’ అని అర్థం కావచ్చు, ‘ససేమిరా ఒప్పుకోను’ అని కావచ్చు, ‘ఊళ్లో లేను’, ‘ఏం చెప్పాలో తోచడం లేదు’, ‘మీరు నన్నే అడిగారని తెలియలేదు’, లేదా అసలు సందేశమే అందలేదని కూడా కావచ్చు. అవతలివాళ్ల పరిస్థితి కనిపించదు కనుక జనం పరిస్థితిని వదిలేసి మనిషిని తప్పుపట్టారు. బద్ధకస్తుడు, పట్టనివాడు, పొగరుబోతు. ఒకసారి ఆ ముద్ర పడ్డాక తర్వాతి మౌనాలన్నీ దానికి సాక్ష్యాలే.

గచ్చిబౌలిలో కూర్చున్న లీడ్‌కు అమలాపురం దగ్గరి ఊరి నుంచి పనిచేస్తున్న కుర్రాడు మూడు గంటలుగా జవాబివ్వలేదనుకుందాం. ఈదురుగాలికి కరెంటు పోయి, ఇన్వర్టరు కూడా దిగిపోయి ఉండవచ్చు. తండ్రిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఉండవచ్చు. సెలవు పెట్టేంత పని కాదులే అనుకుని చెప్పకుండా వెళ్లి ఉండవచ్చు. వేరే కంపెనీ ఇంటర్వ్యూకు కూర్చుని ఉండవచ్చు, అదీ జరగనిది కాదు. కొత్తవాళ్ల విషయంలో మాత్రం ముందుగా అనుమానించవలసిన కారణం ఇంకొకటుంది. అప్పజెప్పిన పని ఎలా చేయాలో అతనికి తెలియలేదు. తెలియలేదని చెప్పడానికి సిగ్గు. నిన్నటి కాల్‌లో పదిమంది ముందు ‘అర్థమైంది సర్’ అనేశాడు. ఆఫీసులో అయితే అతను గంట నుంచి ఒకే తెర చూస్తూ కూర్చున్న సంగతి పక్కసీటు మనిషి పసిగట్టి ‘టీకి వెళ్దామా’ అనేవాడు. ఆ టీ దగ్గర సగం చిక్కు విడిపోయేది. ఇంట్లో టీ ఉంది గాని ఆ పక్కసీటు మనిషి లేడు.

‘అడగనిదే అమ్మయినా పెట్టదు’ అని సామెత. పనిచేసేవాడికి ఇది మంచి బుద్ధే కావచ్చు. దూరపు బృందాన్ని నడిపేవారు దీన్ని నమ్ముకుంటే మాత్రం అడగడం వచ్చినవాళ్లకే అన్నీ అందుతాయి. అడగడం వచ్చినవాళ్లంటే ఎవరు? ఇంగ్లిషు తడుముకోకుండా మాట్లాడేవాళ్లు, అంతకుముందు లీడ్‌తో కలిసి పనిచేసినవాళ్లు, పెద్దవాళ్లకు ఎదురు చెబితే తప్పు అనే పెంపకం అంతగా ఒంటబట్టనివాళ్లు. చిన్న ఊరి కాలేజీ నుంచి తొలి ఉద్యోగంలోకి వచ్చి, ఇంకా ఎవరి ముఖమూ చూడని అమ్మాయి ఆ జాబితాలో ఉండదు.

1990ల్లో ఆసుపత్రి బృందాలను పరిశీలించిన పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్‌కు ఒక వింత ఎదురైంది. నాయకత్వం బాగుందని తేలిన బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. తరచి చూస్తే అక్కడ పొరపాట్లు ఎక్కువ జరుగుతున్నాయని కాదు, భయపడకుండా చెప్పుకుంటున్నారని అర్థమైంది. దూరం నుంచి నడిపే బృందానికి ఇంతకన్నా మంచి కొలబద్ద దొరకదు. ‘ఇది నా వల్ల కావడం లేదు’ అన్న మాట గడువుకు నాలుగు రోజుల ముందు వస్తోందా, గడువు దాటిన మర్నాడు వస్తోందా? రెండోదైతే ఆ బృందంలో ఎన్ని ఆన్‌లైన్ ఆటలు ఆడించినా ఒరిగేదేమీ లేదు.

కొత్తవాళ్ల సంగతి మరీ ప్రత్యేకం. అమెరికాలోని ఒక పెద్ద సంస్థలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను అర్థశాస్త్రవేత్తలు గమనించారు. బృందమంతా ఒకే భవనంలో కూర్చున్నచోట, రాసిన కోడ్ మీద జూనియర్లకు సీనియర్ల నుంచి ఎక్కువ వ్యాఖ్యలు అందేవి; కోవిడ్‌తో ఆఫీసులు మూతపడ్డాక ఆ తేడా చాలావరకు కరిగిపోయింది. మైక్రోసాఫ్ట్ తన 61,182 మంది అమెరికా ఉద్యోగుల సంభాషణల తీరును విశ్లేషించి 2021లో ప్రచురించిన పరిశోధన ఇంకో వైపు చూపింది: అందరూ ఇళ్లకు చేరాక ఎవరి బృందంలో వాళ్లు ముడుచుకున్నారు, బృందాల మధ్య రాకపోకలు తగ్గాయి. ఉన్న స్నేహాలు నిలిచాయి గాని కొత్తవి పుట్టడం తగ్గింది. 2020, 2021లో ల్యాప్‌టాప్ కొరియర్లో అందుకుని ఉద్యోగంలో చేరినవాళ్లకు ‘ఉన్న స్నేహాలు’ అన్న మాటే లేదు. వాళ్లలో చాలామంది ఇప్పుడు లీడ్‌లయ్యారు. తమను ఎవరూ చేయిపట్టి నడిపించలేదన్న అనుభవంతో ఇతరులను నడిపిస్తున్నారు.

గోడ గడియారం ఎవరిది

2020 మార్చి 25న, దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజే, హైదరాబాద్‌లో హాస్టళ్లు ఖాళీ చేయమన్నారని వందలాది యువతీయువకులు మోటారు సైకిళ్ల మీద, కార్లలో సొంతూళ్లకు బయల్దేరి, ఆంధ్రప్రదేశ్ సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర నిలిచిపోయారు. ఇంటి నుంచి పని అనేది ఎందరో తెలుగు ఉద్యోగులకు ఏ శిక్షణతోనూ కాదు, అలాంటి ప్రయాణంతో మొదలైంది. అప్పటిదాకా కాల్ సెంటర్ల వంటి సేవలకు సంబంధించిన టెలికాం నిబంధనలే ఇంటి నుంచి పనికి పూచీకత్తు డిపాజిట్టు అడిగేవి. ఆ మార్చిలో తాత్కాలికంగా సడలించి, నవంబరులో నియమావళినే మార్చేశారు. టీసీఎస్ 2025 నాటికి ఏ సమయంలోనైనా నాలుగోవంతు ఉద్యోగులే ఆఫీసులో ఉంటే చాలునని 2020లో ప్రకటించి, 2023 అక్టోబరుకల్లా వారానికి ఐదు రోజులూ రమ్మంది.

అందరూ వెనక్కి వచ్చేశాక ఇక ఈ చర్చ ఎందుకని అడిగేవాళ్లున్నారు. హైదరాబాద్ విషయంలో ఆ ప్రశ్నే పొరపాటు. మైక్రోసాఫ్ట్ తన భారత అభివృద్ధి కేంద్రాన్ని ఈ నగరంలో తెరిచింది 1998లో. అదే ఏడాది సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అప్పటి నుంచీ మాధాపూర్‌లో కూర్చుని పనిచేసే లక్షల మందిలో చాలామందికి అసలు పైఅధికారి సియాటిల్లోనో, డల్లాస్‌లోనో, షార్లెట్‌లోనో ఉన్నారు. బయోమెట్రిక్‌లో వేలు పెట్టి ఐదో అంతస్తులో కూర్చున్న మనిషి కూడా తన రేటింగ్ రాసేవారి దృష్టిలో దూరపు ఉద్యోగే. అవతలివైపున ఆ రేటింగ్ రాసేవారు కూడా చాలాసార్లు ఇక్కడి నుంచి వెళ్లిన తెలుగువారే. సొంత భాషవాళ్లయినంత మాత్రాన దూరం తగ్గుతుందన్న హామీ లేదు. రాత్రి కాల్స్ మధ్య పెరిగిన మనిషి రాత్రి కాల్స్‌ను ఉద్యోగ ధర్మంగానే చూస్తాడు.

ఈ సంబంధంలో సహానుభూతిని గడియారంతో కొలవవచ్చు. అమెరికా తూర్పు తీరంలో ఉదయం పదింటి మీటింగు వేసవిలో మనకు రాత్రి ఏడున్నర. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పుకుంటారు. మర్నాడు అదే మీటింగు మనకు ఎనిమిదిన్నర అవుతుంది. అక్కడ ఎవరికీ ఏమీ మారలేదు. ఇక్కడ పన్నెండు మంది ఇళ్లలో భోజనం వేళ, పిల్లల్ని పడుకోబెట్టే వేళ, ముసలివాళ్లకు మందులిచ్చే వేళ ఒక గంట జరిగిపోయాయి. దీని గురించి ఒక్క వాక్యం రాసే క్లయింట్లు తక్కువ. ఒక్క వాక్యం అడిగే ఇక్కడి మేనేజర్లు ఇంకా తక్కువ, ఎందుకంటే అడిగితే సర్దుకుపోలేనివాడన్న పేరు వస్తుందేమోనని వారికీ భయం. మీటింగు భారాన్ని రెండువైపులా పంచుకుని, ఒక నెల మనకు రాత్రి అయితే మరో నెల వాళ్లకు తెల్లవారుజాము చేసే బృందాలు ఉన్నాయి. ఆ పంపకం చెప్పే గౌరవం నూరు ‘థాంక్యూ’లు చెప్పవు.

చట్టాలు ఈ సంగతిని మనకన్నా ముందు గుర్తించిన దేశాలున్నాయి. ఫ్రాన్స్‌లో పనివేళలు దాటాక సందేశాలకు దూరంగా ఉండే హక్కు 2017 నుంచి అమల్లో ఉంది. పోర్చుగల్ 2021 చివర్లో తెచ్చిన చట్టం ఒక అడుగు ముందుకు వేసింది. పనివేళలు దాటాక ఉద్యోగిని పలకరించకుండా ఉండటం యజమాని బాధ్యత అంది. దూరం నుంచి పనిచేసేవారి ఒంటరితనం తగ్గించడానికి రెండు నెలలకు ఒకసారైనా ముఖాముఖి కలుసుకునే ఏర్పాటు చేయమంది. ఒంటరితనం అనే మాట కార్మిక చట్టంలో చేరడం చిన్న విషయం కాదు. మన దగ్గర 2018 డిసెంబరులో ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో ఇలాంటి ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.

పచ్చ చుక్క

మైక్రోసాఫ్ట్ 2022లో 11 దేశాల్లో 20,000 మందిని అడిగిన సర్వేలో, తాము బాగానే పనిచేస్తున్నామన్న ఉద్యోగులు 87 శాతం. కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు అనే హైబ్రిడ్ పద్ధతి వచ్చాక ఉద్యోగులు పనిచేస్తున్నారని నమ్మడం కష్టంగా ఉందన్న అధికారులు 85 శాతం. ఈ రెండు అంకెలూ ఒకే సర్వేలోవి, ఒకే కాలంలోవి. మధ్యలో ఉన్నది పని లోపం కాదు, చూపు లోపం. కళ్లెదుట తల వంచుకుని కూర్చున్న మనిషిని చూస్తే పని జరుగుతోందన్న భరోసా అధికారికి ఊరికే దొరికేది. ఆ భరోసా నిజమో కాదో ఎవరూ పరీక్షించలేదు. అది పోయేసరికి దాని చోట పచ్చ చుక్క వచ్చింది. చాట్‌లో పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతుంటే మనిషి ఉన్నట్టు, పసుపు అయితే లేనట్టు.

చుక్కను చూసేవాళ్లుంటే చుక్కను వెలిగించేవాళ్లూ ఉంటారు. మౌసును దానంతటదే కదిలించే పరికరాలు మార్కెట్లోకి వచ్చాయి. కీబోర్డు వాడుతున్నట్టు నటించారన్న కారణంతో వెల్స్ ఫార్గో బ్యాంకు పదిమందికి పైగా ఉద్యోగులను తొలగించిన సంగతి 2024లో బయటపడింది. నటించడం తప్పే. అయితే నటనకు మార్కులు వేసే చోట నటులే తయారవుతారన్నది కూడా ఆ కథలో భాగం. 2020 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఉత్పాదకతకు పాయింట్లు ఇచ్చే ఒక సాధనంలో ఒక్కొక్క ఉద్యోగి పేరూ కనిపించేలా పెట్టి, విమర్శలు రాగానే కొద్దిరోజుల్లో పేర్లు తీసేసింది. నిఘా వల్ల పని పెరుగుతుందా తగ్గుతుందా అన్న వాదం ఎలా ఉన్నా, ఒకటి మాత్రం ఖాయం. తన చుక్కను గమనిస్తున్న మనిషికి ఎవరూ తన కష్టం చెప్పుకోరు. మధ్యాహ్నం నిఘా పెట్టి సాయంత్రం ‘ఎలా ఉన్నారు, మనసు విప్పి చెప్పండి’ అని అడిగితే వచ్చే జవాబు ‘బాగున్నానండి’ ఒక్కటే.

ఇక కెమెరా. ముఖాలు చూస్తే దగ్గరితనం పెరుగుతుందన్న సదుద్దేశంతోనే చాలామంది కెమెరా తప్పనిసరి చేస్తారు. వీడియో మీటింగులు ఎందుకు అలసట తెస్తాయో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జెరెమీ బెయిలెన్సన్ 2021లో విడమరిచారు. అందరి కళ్లూ అతి దగ్గర నుంచి అదేపనిగా తనమీదే ఉండటం, తన ముఖం తనకే రోజంతా అద్దంలోలా కనిపించడం, కుర్చీలో కదలకుండా ఉండవలసి రావడం, తలూపడం వంటి చిన్న సంజ్ఞలకు కూడా ప్రయాసపడవలసి రావడం. రెండు గదుల ఇంట్లో వెనక మంచం, ఆరేసిన బట్టలు, అటూ ఇటూ నడిచే అత్తమామలు ఉన్న ఉద్యోగికి ఐదో కారణం ఎవరూ చెప్పనక్కర్లేదు.

మరి భావం తెలిసేదెలా? ఇక్కడొక ఊరట కలిగించే సంగతి ఉంది. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మైకేల్ క్రౌస్ 2017లో ప్రచురించిన ఐదు ప్రయోగాల్లో ఎదుటివారి భావాన్ని ఎక్కువ కచ్చితంగా గ్రహించినవాళ్లు ముఖం, గొంతు రెండూ గమనించినవాళ్లు కాదు, గొంతు మాత్రమే విన్నవాళ్లు. ముఖాన్ని మనుషులు అదుపులో పెట్టుకుంటారు, గొంతు అంత తేలిగ్గా లొంగదు. మామూలు ఫోను కాల్‌కు ఇంత సామర్థ్యం ఉందని చెప్పడానికి పరిశోధన అవసరం లేని ఇళ్లు తెలుగునాట కోకొల్లలు. అమెరికాలో ఉన్న కొడుకు ‘బాగానే ఉన్నానమ్మా’ అన్న తీరును బట్టి ఏదో జరిగిందని పసిగట్టే తల్లులందరూ ఆ ప్రయోగం ఎప్పుడో చేసేశారు.

తెలుగువాళ్లు ఫోనెత్తగానే అడిగే ‘భోజనమైందా?’ అన్న ప్రశ్నకు కూడా ఇందులో పాత్ర ఉంది. దాని జవాబు ఎవరికీ అక్కర్లేదు. జవాబు చెప్పే గొంతు కావాలి. ‘మీ మానసిక స్థితి ఎలా ఉంది?’ అని సూటిగా అడిగితే, తన రేటింగ్ రాసే మనిషికి నిజం చెప్పేటంత అమాయకులు ఉద్యోగుల్లో ఉండరు. ఆ ప్రశ్న వింటేనే ఏదో ముంచుకొస్తోందని బెదిరిపోతారు. వారానికి పది నిమిషాలు, కెమెరా లేకుండా, పని జాబితా తెరవకుండా మాట్లాడే లీడ్‌కు నాలుగో వారానికల్లా ఆ మనిషి మామూలు గొంతు పరిచయమవుతుంది. మామూలు తెలిస్తేనే తేడా తెలుస్తుంది. ఐదో వారం ‘అయిందండి’ అన్న మాట కాస్త బరువుగా వస్తే అప్పుడు అడగవచ్చు, ‘ఈ వారం పని ఎక్కువైందా, నేనేదైనా తీసేయనా?’ అని. ఈ వాక్యంలో విలువైనది రెండో సగం.

తీసేసే అధికారం లేని ఓదార్పు

అసలు చిక్కు అక్కడే ఉంది. మన సంస్థల్లో టీమ్ లీడ్‌కు ఓదార్చే బాధ్యత ఇచ్చినంత తేలిగ్గా పని తగ్గించే అధికారం ఇవ్వరు. గడువు క్లయింటు చేతిలో, మనుషుల సంఖ్య డెలివరీ మేనేజరు చేతిలో, ఇంక్రిమెంట్లు ఎక్కడో పైన. లీడ్ చేతిలో మిగిలేది ఒక్క చిరునవ్వు. ఉద్యోగంలో భాగంగా భావాలను ప్రదర్శించవలసి రావడాన్ని సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లోనే ఒక రకమైన శ్రమగా గుర్తించి పేరు పెట్టారు. ఆమె చూసింది విమానాల్లో నవ్వుతూ సేవ చేసే సిబ్బందిని. పగలు పన్నెండు మంది బాధలు విని, రాత్రి క్లయింటుకు ‘అంతా సవ్యంగా ఉంది’ అని నవ్వు గొంతుతో చెప్పే లీడ్ చేసేది ఆ శ్రమే, దానికి జీతంలో వాటా లేదు. సహానుభూతిని కింది స్థాయి మేనేజర్ల సుగుణంగా మాత్రమే చూసే సంస్థ, వ్యవస్థ చేయవలసిన పనిని ఇద్దరు మనుషుల మధ్య మంచితనం మీదికి నెట్టేసి చేతులు దులుపుకుంటోంది.

భావం ప్రదర్శించడమే సహానుభూతి కాదనడానికి 2021 డిసెంబరులో జరిగిన ఒక సంఘటన చాలు. అమెరికాలో గృహరుణాల సంస్థ బెటర్.కామ్ అధిపతి విశాల్ గార్గ్ దాదాపు 900 మందిని ఒక్క జూమ్ కాల్‌లో, మూడు నిమిషాల్లో ఉద్యోగాల నుంచి తొలగించారు. ఆ మూడు నిమిషాల్లోనే, ఇదివరకు ఈ పని చేసినప్పుడు తాను ఏడ్చానని, ఈసారి గట్టిగా నిలబడాలనుకుంటున్నానని చెప్పుకున్నారు. భావోద్వేగానికి లోటు లేదు, కాకపోతే అంతా ఆయనదే. దీని పక్కన 2020 మే నెలలో, ప్రయాణికులకు ఇళ్లలో బస కుదిర్చే సంస్థ ఎయిర్‌బిఎన్‌బి దాదాపు 1,900 మందిని తీసేసిన తీరు పెట్టి చూడాలి. ఆ సంస్థ అధిపతి బ్రయాన్ చెస్కీ రాసిన లేఖలోనూ మనసు కదిలించే మాటలున్నాయి. కానీ ఉద్యోగుల చేతికి దక్కినవి వేరు: వెళ్లేవాళ్లు ల్యాప్‌టాప్ తమ దగ్గరే ఉంచుకోవచ్చు, అమెరికాలో ఏడాదిపాటు ఆరోగ్య బీమా, ఏడాది నిండనివారికి కూడా షేర్లలో వాటా, కొత్త ఉద్యోగం వెతికిపెట్టడానికి ప్రత్యేక విభాగం. తొలగింపు రెండుచోట్లా తొలగింపే. వెళ్లిపోయిన మర్నాడు ఆ మనిషికి ఏం అవసరమవుతుందో ఎవరు ఆలోచించారో మాత్రం తెలుస్తుంది.

రోజువారీ ఉద్యోగంలో ఇలాంటి పరీక్ష, ఏడాది పనితీరును బేరీజు వేసే అప్రైజల్ వేళ వస్తుంది. చైనా ప్రయాణ సేవల సంస్థ సీట్రిప్‌లో అర్థశాస్త్రవేత్త నికోలస్ బ్లూమ్ బృందం 2010 చివర్లో మొదలుపెట్టి తొమ్మిది నెలలు చేసిన ప్రయోగం ఈ రంగంలో అందరూ చెప్పుకునేది. కాల్ సెంటరు ఉద్యోగుల్లో ఇంటి నుంచి పనికి ముందుకొచ్చినవారిని పుట్టిన తేదీ సరిసంఖ్యా, బేసిసంఖ్యా అన్నదాన్ని బట్టి రెండుగా విడదీశారు. ఇంటి నుంచి చేసినవారి పని 13 శాతం పెరిగింది, మానేసేవారు సగానికి తగ్గారు. అందరూ గుర్తుపెట్టుకునేది ఇంతవరకే. మిగతా రెండు ఫలితాలు మరుగున పడ్డాయి. ఒకటి, అంతే పనితీరు చూపినా ఇంట్లో ఉన్నవారికి పదోన్నతులు తగ్గాయి. రెండు, ప్రయోగం ముగిశాక ఎంచుకోమంటే ఇంటి నుంచి చేసినవారిలో దాదాపు సగం మంది ఆఫీసుకే తిరిగి వెళ్లారు. వాళ్లు చెప్పిన ముఖ్య కారణం ఒంటరితనం. కళ్లెదుట లేని మనిషిని మరచిపోవడానికి దురుద్దేశం అక్కర్లేదు, జ్ఞాపకం చాలు. కాఫీ దగ్గర కనిపించిన ముఖం పదోన్నతుల జాబితా రాసేటప్పుడు దానంతటదే గుర్తొస్తుంది.

ఇంటిని ఎంచుకునేవారు ఎవరో చూస్తే ఈ మరపు ఎవరి మీద పడుతుందో తెలుస్తుంది. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనులు చేసేవారిలో ఆడవాళ్లు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, మగవాళ్లు వెచ్చించేది 88 నిమిషాలు. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2025 ఫిబ్రవరిలో ఇంటి నుంచి పనిని, ముఖ్యంగా మహిళల కోసం, పెద్దఎత్తున ప్రోత్సహిస్తామని ప్రకటించారు. చిన్న పట్టణాల్లోని చదువుకున్న ఆడవాళ్లకు అది నిజంగా ఒక తలుపు. ఆ తలుపు లోపల 289 నిమిషాలు కూడా ఉన్నాయి. ఇంట్లోనే ఉందిగా అని కుక్కర్ విజిల్, కొరియర్ గంట, పిల్లవాడి హోంవర్కు అన్నీ ఆమె వైపే చూస్తాయి. ఆమెతో పనిచేయించే మేనేజరుకు ఇంట్లో పనుల పంపకం మార్చే శక్తి లేదు. రోజులో ఏ గంటల్లో అందుబాటులో ఉంటుందో ఆమెనే చెప్పమని, ఆ గంటల బయట మీటింగు పెట్టకపోవడం, సంవత్సరం చివర పదోన్నతుల జాబితాను ఒకసారి ఇంటి నుంచి చేసేవారి పేర్లతో పోల్చి చూడటం మాత్రం మేనేజరు చేతిలోని పనులే.

సీట్రిప్ తర్వాత ట్రిప్.కామ్ అయింది. 2021, 2022లో ఆరు నెలలపాటు అక్కడే మరో ప్రయోగం జరిగింది. ఈసారి 1,612 మంది, వారిలో 395 మంది మేనేజర్లు. సగం మందికి వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని. ఉద్యోగం మానేసేవారి సంఖ్య మూడోవంతు తగ్గింది. ఆడవాళ్లలో, దూరం నుంచి వచ్చేవాళ్లలో ఆ తగ్గుదల స్పష్టంగా కనిపించింది. మేనేజర్లు కాని ఉద్యోగుల్లోనే అది కనిపించింది, మేనేజర్లలో కాదు. ఆ తర్వాతి రెండేళ్ల పనితీరు రేటింగుల్లో, పదోన్నతుల్లో రెండు గుంపులకూ తేడా రాలేదు. వారంలో మూడు రోజులు ముఖం కనిపించడం దీనికి కారణం కావచ్చు. ప్రయోగానికి ముందు ఈ పద్ధతి వల్ల పని ఎంత మారుతుందనుకుంటున్నారని మేనేజర్లను అడిగితే సగటున 2.6 శాతం తగ్గుతుందన్నారు. ఆరు నెలలయ్యాక అదే ప్రశ్న మళ్లీ అడిగారు. ఒక శాతం పెరుగుతుందన్నారు.